ఇంట్లో తమాలెస్ చేయాలంటే ముందు పిండి సంగతి చూడండి

తమాలెస్ అంటే మొక్కజొన్న పిండి మధ్యలో కూర పెట్టి ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించే మెక్సికో వంట. అవి ఎలా చేయాలి అని అడిగేవాళ్లు అందరూ ముందు అడిగేది లోపల ఏం పెట్టాలి అనే. చికెనా, పోర్కా, కారం ఎంత, చీజ్ పెట్టొచ్చా... నేనూ అలాగే మొదలుపెట్టా. మెక్సికో సిటీలో ఉన్నప్పుడు మా ఇంటి ఓనరమ్మ నన్ను వంటింట్లో కూర్చోబెట్టి లోపల పెట్టే కూర గురించి అయిదు నిమిషాలు చెప్పి పిండి గురించి మాత్రం గంటన్నర చెప్పింది, అప్పుడు నాకు ఓపిక అయిపోయింది గానీ నా అంతట నేను రెండుమూడు సార్లు చేశాక తెలిసొచ్చింది ఆవిడ ఎందుకలా చెప్పిందో. తమాల్ నోట్లో పెట్టుకుంటే తగిలేది ఎక్కువ భాగం పిండే కదా. అది చప్పగానో రాయిలాగో ఉంటే లోపల ఎంత మంచి కూర ఉన్నా ఏం లాభం లేదు. అందుకే ఇందులో నేను పిండి దగ్గర చాలాసేపు ఆగుతా, మిగతావి త్వరగా చెప్పేస్తా.

ఒకటైతే తమాల్, ఎక్కువైతే తమాలెస్. మెక్సికోలో అజ్టెక్‌లు మాట్లాడిన నహువాత్ల్ భాషలో తమల్లి అనే మాట నుంచి వచ్చింది, చుట్టిపెట్టినది అని అర్థం. చాలా పాతది ఈ వంట. గ్వాటెమాలాలో సాన్ బార్తోలో అనే చోట క్రీ.పూ. 100 ప్రాంతం నాటి మాయా నాగరికత గోడ బొమ్మలు బయటపడ్డాయి, వాటిలో ఒకావిడ మోకాళ్ల మీద కూర్చుని తమాలెస్ ఉన్న బుట్ట పట్టుకుని ఉంటుంది, పక్కనే మొక్కజొన్న దేవుడు. అంటే 2000 ఏళ్లు దాటినా మొక్కజొన్న పిండిని ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించడం అనే పని అలాగే ఉందన్నమాట.

ఆ పిండి మామూలు మొక్కజొన్న పిండి కాదు, ఇది చాలా ముఖ్యం. ఎండు గింజల్ని వంటకి వాడే సున్నం కలిపిన నీళ్లలో ఉడికించి, రాత్రంతా ఆ నీళ్లలోనే వదిలేసి, పొద్దున్నే బాగా కడిగి అప్పుడు రుబ్బుతారు. ఆ ఉడికించిన గింజల్ని నిష్తమాల్ అంటారు, రుబ్బిన ముద్ద మసా. సున్నం వల్ల గింజ మీద పొట్టు ఊడిపోతుంది, పిండికి ఒకదానికొకటి అంటుకునే గుణం వస్తుంది, ఆ వాసన కూడా సున్నం వల్లే. ఇంకో సంగతి, మొక్కజొన్నలో ఉన్న నయాసిన్ అనే విటమిన్ ఇలా చేస్తేనే మన ఒంటికి సరిగ్గా పడుతుంది. యూరప్‌వాళ్లు మొక్కజొన్న తీసుకెళ్లారు గానీ సున్నం పద్ధతి తీసుకెళ్లలేదు, దాంతో 18వ శతాబ్దంలో స్పెయిన్‌లో ఇటలీలో మొక్కజొన్న మీదే బతికే పేదవాళ్లకి పెలాగ్రా అనే జబ్బు వచ్చింది. మెక్సికోలో వేల ఏళ్లు అదే తిన్నా ఆ గొడవ రాలేదు. సో షాపులో మొక్కజొన్న పిండి అని రాసి ఉన్న ప్రతి ప్యాకెట్టూ పనికిరాదు, కార్న్‌ఫ్లోర్ అసలే పనికిరాదు, మసా హరీనా అని రాసి ఉండాలి. మసేకా కంపెనీది దొరుకుతుంది, అందులో తమాలెస్ కోసమని కాస్త బరకగా ఉండేది విడిగా ఉంటుంది, దొరికితే అదే తీసుకోండి, టోర్టీయాలకి, అంటే మొక్కజొన్న రొట్టెలకి వాడే మెత్తటి రకంతో చేసినా వస్తుంది గానీ కాస్త ముద్దగా ఉంటుంది. మెక్సికోలోనే ఉంటే ఇంకా హాయి, మొలీనో అనే పిండి మిల్లు దగ్గరికెళ్లి మసా పారా తమాలెస్ అని అడిగితే తాజాది తూచి ఇస్తారు. కొన్నిచోట్ల కొవ్వు, ఉప్పు అన్నీ కలిపేసిన మసా ప్రెపరాదా కూడా అమ్ముతారు, కొనేముందు ఏదో అడిగి తీసుకోండి, లేకపోతే కలిపినదాంట్లోనే మళ్లీ కొవ్వు కలిపేస్తారు.

ఇప్పుడు పని. ఒక్క రోజులో అన్నీ పెట్టుకోవద్దు, నా మాట వినండి. ముందురోజు మాంసం, సాస్. మర్నాడు పిండి, చుట్టడం, ఉడికించడం. కూర ముందే ఎందుకంటే మాంసం ఉడికిన నీళ్లే పిండిలో పోయాలి, మామూలు నీళ్లు పోస్తే రుచి సగానికి పడిపోతుంది.

నేను చెప్పే లెక్క ఒక 25 తమాలెస్‌కి. పోర్క్ భుజం ముక్క కేజీ, ఎముక లేకుండా, కాస్త కొవ్వు ఉండాలి. పెద్ద ముక్కలు కోసి సగం ఉల్లిపాయ, అయిదారు వెల్లుల్లి రెబ్బలు, రెండు బిర్యానీ ఆకులు, ఉప్పు వేసి మునిగేదాకా నీళ్లు పోసి సన్న మంట మీద గంటన్నర రెండు గంటలు, ఫోర్క్‌తో లాగితే పీచుపీచుగా రావాలి. నీళ్లు వడకట్టి దాచండి, ఒక లీటరు అన్నా మిగిలేట్టు చూసుకోండి.

ఎర్ర సాస్‌కి ఎండు గువహీయో మిరపకాయలు 8, ఆంచో 3. ఇవి కారం కోసం కాదు, రంగు కోసం రుచి కోసం, నిజానికి రెండూ పెద్ద కారం ఉండవు, కారం కావాలనుకునేవాళ్లు చిలె దె ఆర్బోల్ రెండు మూడు వేసుకోండి. తొడిమ, గింజలు తీసేసి వేడి పెనం మీద ఒక్కో పక్కకి పది సెకన్లు, అంతే, వాసన రాగానే తీసేయాలి, నల్లబడితే మొత్తం సాస్ చేదెక్కిపోతుంది, దానికి ఇక మందు లేదు, పారేసి మళ్లీ మొదలుపెట్టడమే. వేడి నీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, మూడు వెల్లుల్లి రెబ్బలు, అర టీస్పూన్ జీలకర్ర, చిటికెడు మెక్సికన్ ఒరేగానో, ఒక కప్పు మాంసం నీళ్లు పోసి మెత్తగా మిక్సీ పట్టి వడకట్టండి, మిరప తొక్క పళ్లలో ఇరుక్కుంటే చిరాగ్గా ఉంటుంది కాబట్టి వడకట్టడం మానొద్దు. తర్వాత గరిటెడు కొవ్వులో వేసి పది నిమిషాలు వేయిస్తే చిక్కబడి రంగు ముదురుతుంది. అందులోంచి మూడు నాలుగు చెంచాలు పక్కన పెట్టి మిగతాదాంట్లో మాంసం పీచు కలిపేయండి. కూర ముద్దగా ఉండాలి, జారకూడదు, రసం కారితే చుట్టేటప్పుడు ఆకు పక్కల్నించి బయటికొస్తుంది.

పచ్చ తమాలెస్ కావాలంటే తొమాతియో (పైన కాగితంలాంటి పొర ఉండే, పచ్చి టమాటా లాంటి పుల్లటి కాయ) అర కేజీ, సెరానో మిర్చి మూడు నాలుగు కలిపి ఉడికించి, తొమాతియో పగిలిపోకముందే తీసి, కొత్తిమీర, వెల్లుల్లితో రుబ్బి, ఉడికించిన చికెన్ పీచులో కలుపుకోవాలి. మాంసం తిననివాళ్లకి రాహాస్ కోన్ కేసో ఉంది, పొబ్లానో మిరపకాయల్ని మంట మీద కాల్చి తొక్క తీసి పొడుగ్గా చీల్చి చీజ్ ముక్కతో పెట్టేది, నాకు పోర్క్ కంటే ఇదే ఎక్కువ ఇష్టం. కానీ శాకాహారులు ఒకటి గుర్తుపెట్టుకోండి, మెక్సికోలో వీధిలో అమ్మే రాహాస్ తమాల్‌లో లోపల మాంసం లేకపోయినా పిండిలో పంది కొవ్వు ఉండొచ్చు, చాలావరకు ఉంటుంది. జేవా మాంతేకా అని అడిగితే చెప్తారు, మాంతేకా అంటే ఆ కొవ్వే.

ఆకుల సంగతి. మొక్కజొన్న పొత్తు మీద ఉండే ఆకుల్నే ఎండబెట్టి కట్టలుగా అమ్ముతారు, మెక్సికోలో తొతొమోచ్‌త్లె అని కూడా అంటారు. 25 కావాలంటే 40 దాకా తీసుకోండి, చిరిగినవి చిన్నవి వస్తూనే ఉంటాయి, అవి కూడా గిన్నెలోకి పనికొస్తాయి. పీచు దులిపేసి వేడి నీళ్లలో గంటసేపు నానబెట్టి పైన ప్లేటు పెట్టండి లేకపోతే తేలిపోతాయి. వాడేముందు గుడ్డతో తుడవాలి. దక్షిణాన వహాకా, వెరాక్రూజ్, తబాస్కో, యుకతాన్ వైపు అరటాకులో కూడా చుడతారు, దాన్ని ముందు మంట మీద అటూ ఇటూ తిప్పితే మెత్తబడి మడత దగ్గర చిరగదు.

ఇప్పుడు పిండి. తొందర ఉన్న రోజు ఈ పని పెట్టుకోవద్దు.

మసా హరీనా అర కేజీ, అంటే నాలుగు కప్పుల పైన కాస్త. దాంట్లో మూడు కప్పుల గోరువెచ్చటి మాంసం నీళ్లు పోసి చేత్తో కలిపి తడిగుడ్డ కప్పి 20 నిమిషాలు వదిలేయండి, పిండి నీళ్లు పీల్చుకోవాలి. ఈలోపు ఇంకో పెద్ద గిన్నెలో పంది కొవ్వు పావు కేజీ. ఫ్రిజ్‌లోంచి తీసినది కాదు, గది వేడికి వచ్చి వేలితో నొక్కితే దిగేట్టు ఉండాలి, కరిగిపోయి మాత్రం ఉండకూడదు. ఈ కొవ్వుని ఒక్కదాన్నే, ఏమీ కలపకుండా, మిషన్‌తో అయితే 8 నిమిషాలు, చేత్తో అయితే 15, 20 నిమిషాలు గిలకొట్టాలి. తెల్లగా మారి, ఉబ్బి, గరిటె తీస్తే తేలిగ్గా ఉన్నట్టు తెలుస్తుంది. ఈ గిలకొట్టడంలో గాలి లోపలికి వెళ్తోంది, ఆ గాలే తర్వాత ఆవిరికి ఉబ్బి తమాల్‌ని గుల్లగా చేస్తుంది. నేను మొదటిసారి ఇది అనవసరం అనుకుని అన్నీ ఒకేసారి వేసి కలిపేశా, గంటన్నర ఉడికినా గట్టిగా, నీళ్లు తాగిన ఇటుకలా వచ్చాయి, ఇంట్లో ఎవరూ రెండోది ముట్టలేదు, నాకు నిజంగా ఏడుపొచ్చింది ఎందుకంటే పొద్దుట్నుంచీ చేసిన పని అది.

కొవ్వు తెల్లబడ్డాక ఒక టేబుల్‌స్పూన్ ఉప్పు, రెండు టీస్పూన్ల బేకింగ్ పౌడర్ వేసి, నానిన మసాని గుప్పెడు గుప్పెడు వేస్తూ కలుపుతూ పోండి, ఒక గుప్పెడు కలిసిపోయాకే ఇంకోటి. బేకింగ్ పౌడర్ ఈమధ్య వచ్చిందే, పాతకాలం వాళ్లు తెకెస్కీతె అనే ఒకరకం ఖనిజ ఉప్పుని తొమాతియో పై పొరలతో కలిపి మరిగించి ఆ నీళ్లు పోసేవాళ్లు, ఇప్పటికీ కొంతమంది అలాగే చేస్తారు. అంతా కలిశాక పక్కన పెట్టిన ఎర్ర సాస్ చెంచాలు వేయండి, పిండికి లేత ఎరుపు వస్తుంది, రుచి కూడా పిండి లోపలికి వెళ్తుంది. తర్వాత ఇంకో పది నిమిషాలు గిలకొట్టాలి. గట్టిగా అనిపిస్తే మాంసం నీళ్లు కొంచెం కొంచెంగా, అర కప్పు దాకా పట్టొచ్చు. నీళ్లు వేడిగా ఉండకూడదు, వేడి తగిలితే కొవ్వు కరిగి మీరు కష్టపడి నింపిన గాలంతా పోతుంది.

అయిందో లేదో ఎలా తెలుస్తుంది అంటే, గారెల పిండి రుబ్బినప్పుడు చిన్న ఉండ నీళ్లలో వేసి తేలుతుందా అని చూస్తాం కదా, అచ్చం అదే. చల్లటి నీళ్ల గ్లాసులో చిటికెడు మసా వేయండి. తేలితే అయిపోయింది. మునిగితే ఇంకో అయిదు నిమిషాలు గిలకొట్టి మళ్లీ చూడండి, అయినా మునిగితే ఒక చెంచా కొవ్వు విడిగా గిలకొట్టి కలపండి. ఉప్పు కూడా ఇప్పుడే నాలుక మీద పెట్టుకుని చూడాలి, పచ్చి పిండిలో ఉప్పు ఒక్క పిసరు ఎక్కువ అనిపించాలి, ఉడికాక సరిపోతుంది, ఇప్పుడే సరిపోయినట్టుంటే ఉడికాక చప్పబడుతుంది.

పంది కొవ్వు వద్దనుకునేవాళ్లు డాల్డా లాంటి గట్టిగా ఉండే వెజిటబుల్ షార్టెనింగ్ గానీ వెన్న గానీ అదే కొలతలో వాడొచ్చు, అదే పద్ధతిలో గిలకొట్టాలి, మాంసం నీళ్ల బదులు ఉల్లి వెల్లుల్లి క్యారట్ ఉడికించిన నీళ్లు. నూనెతో చేయొచ్చు గానీ నూనె ఎంత కొట్టినా గాలి పట్టుకోదు కాబట్టి ఆ గుల్లదనం రాదు, తినడానికి బానే ఉంటుంది, అంతవరకే.

చుట్టడం. ఆకుకి ఒకవైపు గరుకు, ఒకవైపు నునుపు. నునుపు వైపు పైకి పెట్టి వెడల్పు ఉన్న సగంలో రెండు చెంచాల పిండి పెట్టి చెంచా వెనకతో పరవండి, పక్కల రెండు వేళ్ల వెడల్పు, మొన వైపు ఇంకాస్త ఖాళీ వదలాలి. మధ్యలో నిలువుగా ఒక చెంచా కూర. ఇప్పుడు ఆకు రెండు అంచులు పట్టుకుని దగ్గరికి తెస్తే పిండే పిండిని అంటుకుని కూరని మూసేస్తుంది, అప్పుడు ఒక పక్కకి చుట్టి మొనని వెనక్కి మడవండి. పైభాగం తెరిచే ఉంటుంది, అలాగే ఉండాలి. విప్పుకుపోతుంటే చిరిగిన ఆకుని సన్నగా చీల్చి దాంతోనే కట్టేయండి. మొదటి నాలుగైదు వంకరగా వస్తాయి, తర్వాత చెయ్యి తిరుగుతుంది. 25 ఒక్కరే చేసుకోవచ్చు, 100 చేయాలంటే మాత్రం మనుషులు కావాలి. మెక్సికోలో దీనికి తమలాదా అనే పేరే ఉంది, క్రిస్మస్ ముందు అందరూ టేబుల్ చుట్టూ చేరి ఒకరు ఆకు తుడుస్తూ ఒకరు పిండి పరుస్తూ ఒకరు కూర పెడుతూ ఒకరు మడుస్తూ కబుర్లు చెప్పుకుంటారు. కుదిరితే అలాగే చేయండి, ఒంటరిగా చేసినప్పటి కంటే సగం అలసట కూడా ఉండదు.

ఉడికించే గిన్నె తమలేరా, లోపల చిల్లుల ప్లేటు ఉండే ఎత్తైన గిన్నె ఏదైనా పర్లేదు. ప్లేటుకి తగలకుండా నీళ్లు పోసి, అడుగున ఒక శుభ్రమైన నాణెం వేయండి. నీళ్లు మరిగినంతసేపు అది టకటకమంటూ ఉంటుంది, చప్పుడు ఆగిందంటే నీళ్లు అయిపోతున్నట్టు, అప్పుడు గిన్నె పక్కనుంచి వేడి నీళ్లు పోయాలి, చల్లటివి పోస్తే ఆవిరి ఆగిపోతుంది. ప్లేటు మీద మిగిలిన ఆకులు పరిచి తమాలెస్‌ని నిలబెట్టండి, తెరిచిన వైపు పైకి. మరీ కుక్కొద్దు, ఉబ్బడానికి చోటు ఉండాలి, అలాగని పడిపోయేంత వదులు కూడా వద్దు. పైన ఇంకొన్ని ఆకులు, తడిగుడ్డ, మూత. గంటా పావు నుంచి గంటన్నర. మొదటి గంట నీళ్లు పోయడానికి తప్ప మూత తీయొద్దు.

ఈ ఉడికే గంట చుట్టూ చాలా నమ్మకాలున్నాయి. కోపంగా ఉన్నవాళ్లు చేస్తే తమాలెస్ ఉడకవు అంటారు, అందుకని గిన్నె పిడులకి ఆకు ముక్కలు చెవుల్లాగా కడతారు, ఇంట్లో గొడవ గిన్నె చెవిన పడకుండా అని మా ఓనరమ్మ చెప్పేది. ఇవి నిన్నమొన్నటి నమ్మకాలు కావు. 16వ శతాబ్దంలో బెర్నార్దినో దె సాహాగున్ అనే సన్యాసి అక్కడి జనం నమ్మకాలు రాసిపెట్టాడు, అందులో ఉడికేటప్పుడు గిన్నెకి అంటుకున్న తమాల్ మగవాడు తింటే యుద్ధంలో బాణం గురి తప్పుతుందనీ ఆడది తింటే కాన్పు కష్టమవుతుందనీ ఉంది. నేను ఇప్పటికీ రెండు పిడులకీ ఆకు కడతా, ఆవిడ చేతి మీద నేర్చుకున్నా కాబట్టి ఆవిడ చేసినట్టే చేస్తా.

ఉడికిందా అని చూడాలంటే మధ్యలోది ఒకటి తీసి అయిదు నిమిషాలు ఆగి ఆకు విప్పండి. పిండి ఆకుకి అంటుకోకుండా శుభ్రంగా విడిపోవాలి. అంటుకుంటే ఇంకో 15 నిమిషాలు. పొయ్యి మీదనుంచి దింపగానే మాత్రం మెత్తగా ముద్దలా ఉంటుంది, ఉడకలేదేమో అని కంగారు పడొద్దు, మూత కాస్త తెరిచి 15, 20 నిమిషాలు వదిలేస్తే గట్టిపడుతుంది.

తినేటప్పుడు ఆకు తీసేసి తినాలి. చెప్పక్కర్లేదు అనిపించొచ్చు గానీ 1976లో అమెరికా ప్రెసిడెంట్ జెరాల్డ్ ఫోర్డ్ టెక్సస్‌లో సాన్ ఆంటోనియోకి ప్రచారానికి వెళ్లి ఆకుతో సహా కొరికేశాడు, ఎవరూ ముందు చెప్పలేదు మరి, కాబట్టి మొదటిసారి తినేవాళ్లు మీ ఇంటికొస్తే ముందే చెప్పండి. పక్కన తాగడానికి ఆతోలె, అంటే మసానే పాలల్లోనో నీళ్లలోనో పలచగా కాచి దాల్చినచెక్క, బెల్లం లాంటి పిలోన్సీయో వేసేది. చాక్లెట్ కూడా వేస్తే చంపుర్రాదో. మెక్సికో సిటీలో పొద్దున్నే ఆఫీసుకెళ్లేవాళ్లు తమాల్‌ని బోలీయో అనే బ్రెడ్ మధ్యలో పెట్టించుకుని తింటారు, గువహొలోతా అంటారు దాన్ని, పిండి మధ్యలో పిండి ఏంటి అనుకున్నా గానీ తిన్నాక మధ్యాహ్నం రెండు దాకా ఆకలి వేయలేదు. సాయంత్రం అయితే మూడు చక్రాల బండి మీద రికార్డు వేసుకుని వేడివేడి వహాకా తమాలెస్ అని అరుపు వినిపిస్తుంది, ఆ వహాకా రకం అరటాకులో ఉంటుంది, నల్ల మోలెతో, అంటే ఎండు మిరపకాయలతో చేసే చిక్కటి నల్ల సాస్‌తో చేసినది దొరికితే వదలొద్దు.

ఒక్కో ప్రాంతానిది ఒక్కో రకం, అన్నీ చెప్తే అవ్వదు. మిచోవకాన్‌లో లేత మొక్కజొన్నతో చేసే ఉచేపోస్ తియ్యగా ఉంటాయి, వాస్తేకా వైపు సకవీల్ అనే తమాల్ ఒక్కటే ఒక ఊరి జనం తినేంత ఉంటుంది, కట్టెల పొయ్యిలో కాలుస్తారు. యుకతాన్‌లో చనిపోయినవాళ్లని తలుచుకునే రోజులకి మట్టిలో గొయ్యి తవ్వి అందులో పీబ్ అనే పెద్ద తమాల్ చేస్తారు. జనవరి 6న కోసే రోస్కా అనే గుండ్రటి బ్రెడ్ ముక్కలో ఎవరికి చిన్న బొమ్మ వస్తే వాళ్లు ఫిబ్రవరి 2న కాందెలారియా అనే క్రైస్తవ పండగ రోజు అందరికీ తమాలెస్ పెట్టాలి, ఆఫీసుల్లో కూడా ఇది గట్టిగా పాటిస్తారు. మీకు బొమ్మ వచ్చిందంటే జనవరి నెలాఖరుకే ఆకులు కొనిపెట్టుకోండి.

మిగిలినవి ఆకుతోనే ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు, ఫ్రీజర్‌లో రెండు మూడు నెలలు ఉంటాయి. వేడి చేయడానికి మళ్లీ ఆవిరే మంచిది, ఫ్రిజ్‌లోదైతే 15 నిమిషాలు, గడ్డకట్టినదైతే అరగంట. మైక్రోవేవ్ తప్పదంటే ఆకు తీయకుండా తడి టిష్యూ చుట్టి పెట్టండి. కానీ మర్నాటి పొద్దున ఒకటి ఇలా కూడా చేసి చూడండి, ఆకుతో సహా పొడి పెనం మీద సన్న మంటకి పెట్టి ఆకు నల్లగా కాలేదాకా తిప్పుతూ ఉంటే లోపల పిండి అంచులు కరకరలాడతాయి, కాలిన ఆకు వాసన పడుతుంది, దాని మీద మిగిలిన ఎర్ర సాస్ ఒక చెంచా, పక్కన గుడ్డు. మా ఇంట్లో దీనికోసమే నాలుగు తమాలెస్ ముందే తీసి దాచేస్తాం.